లిథియం కింద సోడియం

జూన్ 14

అన్నయ్యా,

బడి తెరిచారు. నన్ను లోపలికి రానిచ్చారు. ఆ మాటే ముందు రాయమన్నావు కాబట్టి ముందు రాశాను.

పెద్దసారు తన గదిలో కూర్చోబెట్టి మాట్లాడారు. కేకలేం వేయలేదు. అర్ధ సంవత్సర పరీక్షల దాకా చూస్తామన్నారు. పాఠం చెప్పుకోవచ్చు గానీ ల్యాబ్ తాళం జంతుశాస్త్రం టీచరు దగ్గరే ఉంటుంది, ప్రయోగం చేస్తే ఆవిడ పక్కన నిలబడాలి. మళ్ళీ పోయినేడులాంటిది జరిగితే ఇక ఇంటికే. సరేనండీ అన్నాను. సోడియాన్ని కిరసనాయిలు సీసాలోంచి తీసి, బడి మొత్తాన్నీ ఆవరణలోకి పిలిచి, నీళ్ళ తొట్టెలో వేసింది నేనేనని నాకు బాగా జ్ఞాపకం. బఠాణీ గింజంత వేయాల్సింది పిడికెడు వేశాను. అప్పుడు నాకు నిద్ర లేదు, ఆకలి లేదు, లోకంలో నాకు తెలియనిది లేదు. తొట్టె పగిలింది, నా మోచెయ్యి కాలింది, పిల్లలకు ఏమీ కాలేదు. అదృష్టం అని అందరూ అంటారు. నేనూ అంటాను. అన్నప్పుడు లోపల ఏదో ఒకటి అనిపించాలి కదా, ఏమీ అనిపించదు.

మాత్ర పేరు అడిగావు. లిథియం. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. మొదటి రోజు డాక్టరు చాలా జాగ్రత్తలు చెప్పారు, తల ఊపాను. ఈమధ్య ఎవరేం చెప్పినా తల ఊపుతున్నాను, త్వరగా అయిపోతుంది.

ఒక సాయం కావాలి. సెప్టెంబరులో బళ్ళో ప్రదర్శన పెడుతున్నాను. పేరు 'మన ఇంట్లో మూలకాలు'. ఒక్కొక్కరూ ఇంట్లో దొరికే మూలకం ఒకటి తెచ్చి, దాని గుణమేమిటో, దేనికి వాడతామో చెప్పాలి. ఇది సవ్యంగా జరిగితే నన్ను ఉంచుతారనుకుంటాను. మీ లోహపు పూతల షాపు నుంచి రాగి, జింకు, నికెల్, క్రోమియం ముక్కలు పంపు. ఫోన్ చేయను. పాలిష్ మోటార్ల మధ్య నీ చెవులు పోయాయి, ప్రతి మాటా రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు.

బుడ్డి


జూన్ 25

బుడ్డీ,

నీ ఉత్తరం చదివి మీ వదిన 'అమ్మయ్య' అంది. నేను అనలేదు. లిథియమా? నా ఫోను బ్యాటరీ మీద రాసి ఉండేది అదే కదే! పోయిన నెల పక్క షాపువాడి స్కూటరు బ్యాటరీ ఉబ్బి అంటుకుంటే బకెట్లకొద్దీ ఇసుక పోసినా ఆరలేదు. దాన్ని నీకు రెండు పూటలా మింగిస్తున్నారా? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

లోహాల సంగతి నాకు చెప్పకు. నువ్వు పుస్తకంలో చదివావు, నేను ముక్కుతో పీల్చాను. నికెల్ తొట్టి దగ్గర పనిచేసినవాడికి పని మానేసినా చేతుల దురద పోదు. క్రోమ్ ఆవిరికి నా ముక్కులో పడ్డ పుండు ఇంకా పచ్చిగానే ఉంది. ఒంట్లోకి పోవడమే గానీ బయటికి రావడం లోహానికి తెలియదు.

ముక్కలు పంపుతున్నాను. రాగి తీగ అంటే మేం వస్తువుల్ని తొట్టిలో వేలాడదీసే కొక్కెం, కరెంటు దాని గుండానే పోతుంది. మేకులకు ఉన్నది జింకు పూత. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పు: జింకు ఉన్నంతసేపూ ఇనుముకి బదులు తనే తినేయబడుతుంది, పూత మీద గీత పడ్డా సరే ఇనుము జోలికి తుప్పును రానివ్వదు. ఒక పాత కుళాయిని పొరలు కనపడేలా సగం ఒలిచి పెట్టాను. అడుగున ఇత్తడి, మీద నికెల్, ఆపైన క్రోమియం. పేరంతా క్రోమియానిదీ, చాకిరీ అంతా నికెల్‌దీ. ఇది మా ఇంటి కథలాగే ఉందని మీ వదిన అంటోంది.

ఆ మాత్ర వేసుకున్నాక ఎలా ఉంటోందో రాయి. 'బాగానే ఉంది' అని రాశావంటే ఉత్తరం చించేస్తాను. ఇక్కడ మేడ మీద గది ఖాళీగానే ఉంది. ఉద్యోగం పోతే పోనీ, బోడి ఉద్యోగం.

అన్నయ్య


జూలై 8

అన్నయ్యా,

ముక్కలు చేరాయి. కుళాయిని పిల్లలు చేతులు మార్చుకుంటూ చూశారు.

నేను మింగేది లోహం ముద్ద కాదు. సోడియాన్ని నీళ్ళలో వేస్తే మండుతుంది, అదే సోడియం ఉన్న ఉప్పుని కూరలో వేసుకుంటున్నాం, మండుతోందా? ఇదీ అంతే. లోహాలన్నిటిలోకీ లిథియం తేలిక, నూనె మీద కూడా తేలుతుంది. బ్యాటరీల్లోనే కాదు, వేడికి పగలని గాజులో వేస్తారు, బండి చక్రాలకు పెట్టే గ్రీజులో వేస్తారు. నాలాంటివాళ్ళకి మనసు మరీ ఎగరకుండా, మరీ కూలిపోకుండా ఇస్తారు. ఎందుకు పనిచేస్తుందో ఎవరికీ పూర్తిగా తెలియదట. పనిచేస్తుంది. మానితే మళ్ళీ ఆ తొట్టె దగ్గరికే పోతాను. అందుకని మానను. ఈ ఒక్క విషయంలో బతిమాలకు.

ఎలా ఉందని అడిగావు. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి ఉంటుందే, చేత్తో పట్టుకుని చూస్తే గానీ మనదని తెలియదు, నేను మొత్తం అలా ఉన్నాను. నొప్పి లేదు. మొహం కాస్త ఉబ్బింది, దాహం ఎక్కువ.

పిల్లలు ఇప్పటినుంచే తెస్తున్నారు. పెన్సిల్లో కార్బన్, అగ్గిపెట్టె పక్క గరుకు పట్టీలో ఫాస్ఫరస్, దెబ్బలకు రాసే అయోడిన్. కుళాయి నీళ్ళ వాసన క్లోరిన్‌దని ఒకమ్మాయి గ్లాసు పట్టుకొచ్చింది. ఇంకొకమ్మాయి చిప్స్ పొట్లం తెచ్చి, లోపలిది నైట్రోజన్, చిప్స్ మెత్తబడకుండా నింపుతారు, కాబట్టి ఎవరూ తెరవకూడదని చెప్పి, విరామంలో తనే తెరిచి తినేసింది. ఒకడు ఖాళీ సీసా బల్లమీద పెట్టి ఆక్సిజన్ తెచ్చానన్నాడు. క్లాసంతా నవ్వింది. అది నవ్వాల్సిన చోటని నాకూ తెలిసింది. పెదవులు సాగదీశాను.

బుడ్డి


జూలై 19

బుడ్డీ,

మొహం ఉబ్బిందా? అంత మాట ఎక్కడో మధ్యలో, చిప్స్ పొట్లానికి ముందు రాస్తావా?

పోయినేడు మీ వదినకి కాళ్ళు ఉబ్బితే డాక్టరు ఏమన్నాడో గుర్తుందా? ఉప్పు ఆపమన్నాడు. ఆపింది, నెల తిరక్కుండా వాపు పోయింది. మా షాపులో కూడా ఇదే పద్ధతి. కడుగుడు తొట్టిలో లవణాలు పేరుకుంటే ఎంత మంచి ముక్కకైనా మచ్చలొస్తాయి. అప్పుడు అటూ ఇటూ చూడం, పాతవి పారబోసి మంచినీళ్ళు నింపుతాం.

నువ్వు మాత్ర మాననన్నావు. సరే, నేనొక మెట్టు దిగాను. నువ్వూ ఒక మెట్టు దిగు. ఉప్పు మానెయ్, నీళ్ళు బాగా తాగు. తగ్గించడం కాదు, పూర్తిగా మానెయ్. చప్పిడి కూర మొదట వారం గొంతు దిగదు, తర్వాత అలవాటైపోతుంది. మీ వదినతోపాటు నేనూ ఏడాది తిన్నాను, చచ్చానా? డాక్టరుని అడగాలని మొదలుపెట్టకు. ఉప్పు మానడానికి కూడా చీటీ కావాలా?

అమ్మ పోయాక నీకిలాంటివి చెప్పేది నేనొక్కణ్ణే. నా మాట గోడకి చెప్పినట్టు కాకూడదు. మానానని రాసేదాకా నాకు అన్నం సయించదు.

అన్నయ్య


ఆగస్టు 17

అన్నయ్యా,

మానాను. ఉప్పు డబ్బా పక్కింటావిడకి ఇచ్చేశాను. నీతో వాదించడం కంటే మానడమే తేలికనిపించింది. తినేటప్పుడు తేడా ఏమీ తెలియలేదు, అంతకు ముందు కూడా రుచి తెలిసి తినలేదు. మొహం తగ్గింది. నీ మాటే నెగ్గింది.

చేతులు వణుకుతున్నాయి. బోర్డు మీద మెగ్నీషియం అని రాస్తే వెనక బెంచీలవాళ్ళు చదవలేకపోయారు. ముందు బెంచీ అమ్మాయిని పిలిచి రాయించాను. కడుపులో కూడా బాగుండటం లేదు, వానాకాలపు నీళ్ళ వల్ల కావచ్చు.

నిన్న మూలకాల పట్టికలో మొదటి నిలువు వరస చెప్పాను. లిథియం, దాని కింద సోడియం, దాని కింద పొటాషియం. మంటలో పెడితే ఒకటి ఎర్రగా, ఒకటి పసుపుగా, ఒకటి లేత ఊదాగా వెలుగుతాయి. ఒకే ఇంటి పిల్లలు, గుణాలు కలుస్తాయి, ఒక్కోసారి ఒకటి కూర్చునే చోట ఇంకొకటి కూర్చోగలదు అని చెప్పాను. జంతుశాస్త్రం టీచరు పక్కన నిలబడి మంట రంగులు చూపించింది. తర్వాత ఇంటికొచ్చి చప్పిడి కూర తిని పడుకున్నాను.

బుడ్డి


ఆగస్టు 28

బుడ్డీ,

నీ ఉత్తరాన్ని మీ వదినా నేనూ కలిసి కుస్తీ పట్టినా సగమే అర్థమైంది. అవి అక్షరాలా, కోడి కెలికిన గీతలా? ఉప్పు మానిపించానని నామీద విసుగ్గా రాసినట్టుంది. కోపమొస్తే తిట్టు, అంతేగానీ అక్షరాల మీద చూపించకు.

మొహం తగ్గిందన్న ముక్క మాత్రం స్పష్టంగా చదివాను. చూశావా మరి! చెయ్యి వణుకుతోందన్నది మీ వదిన కూడబలుక్కుని చదివింది, దాని గురించి మా పాలిష్ మేస్త్రీని అడిగాను. ఒంట్లోంచి లోహం దిగేటప్పుడు వణుకు పుడుతుందట, వాళ్ళ మామకి అలాగే అయిందట. అంటే మందు పట్టిందన్నమాట. ఇప్పుడు ఆపకు. కొనే రొట్టెలో కూడా ఉప్పుంటుంది, అదీ మానెయ్.

ప్రదర్శనకి మేమిద్దరం వస్తున్నాం. మీ వదిన అల్యూమినియం గిన్నె తెస్తానంటోంది. అడుగు మాడినా గిన్నె మాత్రం తేలిగ్గా ఉంటుందని పిల్లలకు చెబుతుందట.

అన్నయ్య


సెప్టెంబరు 6

అన్నయ్యా,

రొట్టె మానాను. ఏదీ నిలవడం లేదు, నీళ్ళు కూడా. నేను అడుగు వేసే చోట నేల ఉండటం లేదు, కొంచెం పక్కకి ఉంటోంది. బల్బులో నింపే వాయువు, దేనితోనూ కలవదు, దాని పేరు క్లాసులో నోటికి రాలేదు. ఇప్పుడూ రావడం లేదు. ప్రదర్శన వచ్చే వారం. భయపడాలేమో అనుకుంటున్నాను.


సెప్టెంబరు 27

బుడ్డీ,

ఇల్లు చేరాను. నిన్ను ఆ ఆసుపత్రి మంచం మీద వదిలి రావడానికి కాళ్ళు రాలేదు గానీ, ఇక్కడ తొట్లు ఎండిపోతున్నాయి. నర్సు నీకు ఈ ఉత్తరం ఇస్తానంది. నువ్వు మాట్లాడటం మొదలుపెట్టావని చెప్పింది. నేనున్నన్నాళ్ళూ ఒక్క మాట మాట్లాడలేదు.

నువ్వు బోర్డు ముందు పడిపోయావని జంతుశాస్త్రం టీచరు ఫోన్ చేస్తే, నాకు వినపడక మీ వదిన అందుకుంది. మేం వచ్చేసరికి నీకు తెలివి లేదు. సెలైన్ చుక్కచుక్కగా దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు, నా కాళ్ళూ చేతులూ ఎవరివో అన్నట్టుండిపోయాను. నువ్వు రాసిన పళ్ళ డాక్టరు సూది సంగతి అప్పుడు తెలిసింది.

రక్తంలో లిథియం మితిమీరిందట. చెప్పానా లేదా? మొదట్లోనే మొత్తుకున్నాను.

పెద్దసారు చూడటానికి వచ్చారు. ఏమైందని అడిగితే, లెక్క తప్పి ఎక్కువ మాత్రలు మింగిందేమోనన్నాను. ఆయన, అలాంటి మనిషిని పిల్లల మధ్య ఎలా ఉంచుతాం, మీరే చెప్పండి అన్నారు. నాకూ నిజమే అనిపించింది. రాజీనామా కాగితం ఆయనే టైపు చేయించారు, ఇందులో పెట్టాను. నువ్వు సంతకం చేస్తే చాలు. మంచి మనిషి, పరువుగా పంపిస్తానన్నారు.

ప్రదర్శన ఆగలేదు. పిల్లలే చెప్పుకున్నారట, బాగా చేశారట.

మేడ మీద గదికి సున్నం వేయించాను. కిటికీకి అల్యూమినియం చట్రం పెట్టించాను. ఇక్కడ నీకు ఏ పనీ ఉండదు. తిని కూర్చో.

అన్నయ్య


అక్టోబరు 4

అన్నయ్యా,

నేను విన్నాను.

నాకు తెలివి లేదని మీరనుకున్నారు. నాలుక తిరగలేదు, రెప్పలు లేవలేదు, చెవులు మాత్రం పనిచేశాయి. డాక్టరు నా మంచం పక్కనే నిన్ను అడిగారు. నీకు వినపడేలా గట్టిగా, రెండుసార్లు అడిగారు. "ఈమధ్య తిండిలో ఏమన్నా మార్చారా? ఉప్పు తగ్గించారా?" నువ్వు "నాకు తెలియదండీ, ఎప్పటిలాగే తింటుందనుకుంటా" అన్నావు. వదిన ఆ పూట మందులు తేవడానికి కిందికి వెళ్ళింది. ఆవిడ ఉండి ఉంటే నువ్వామాట అనగలిగేవాడివి కాదు.

ఆయన ఊరికే అడగలేదు. నోరు పెగలగానే నేను ఉన్నదున్నట్టు చెప్పాను, ఆయన కాగితం మీద బొమ్మ గీసి వివరించారు. నాకు బొమ్మ అక్కర్లేదు. ఒంట్లో సోడియం తగ్గితే మూత్రపిండాలు ఉన్న కాస్తా పోకుండా గట్టిగా పట్టుకుంటాయి. దాని పక్కన ఉన్న లిథియాన్నీ దానితోపాటే పట్టేసుకుంటాయి. మాత్ర మోతాదు మారదు, రక్తంలో మాత్రం పేరుకుంటూ పోతుంది. నాకు ఎక్కించిన సెలైన్ ఉప్పునీళ్ళే. నువ్వు కూర్చుని చూసింది ఉప్పునే.

నేను ఒక్క మాత్ర కూడా ఎక్కువ మింగలేదు. ఉప్పు తగ్గించవద్దని డాక్టరు మొదటి రోజే చెప్పారట. నేను తల ఊపానట. ఆ వరస పాఠం చెప్పేది నేను, చెప్పి వచ్చి చప్పిడి తిన్నది నేను. నా మతిమాలినతనం ఎంతో అంతా నేనే పెద్దసారుకి చెప్పుకుంటాను. ఉప్పు మానమన్నందుకు నిన్ను ఒక్క మాట అనను. ప్రేమకొద్దీ అన్నావు. తెలియదన్నది ప్రేమకొద్దీ కాదు. తేలు కుట్టిన దొంగలా నువ్వు ఊరుకుంటే, చావాలని మాత్రలు మింగిన మనిషినైపోయాను నేను. అందరూ అదే అనుకుంటున్నారు. నిన్న చూడటానికొచ్చిన జంతుశాస్త్రం టీచరు పళ్ళు కోయడానికి తెచ్చిన చాకుని మళ్ళీ సంచిలో పెట్టేసుకుంది. అలాంటి మనిషికి బడి ఉండదు. మేడ మీద గది ఉంటుంది, సున్నం వేసి, కిటికీ పెట్టి.

కోపంగా ఉంది అన్నయ్యా.

నువ్వు ఆ మాటన్నప్పుడు ముందు కడుపులో వేడిగా తోచింది. సూదిమందు అనుకున్నాను. అది మెల్లగా మొహానికెక్కింది. కోపమని గుర్తుపట్టడానికి చాలా సేపు పట్టింది. తొట్టె పగిలినప్పటినుంచి నాకు ఇంత గట్టిగా అనిపించింది ఇదొక్కటే. మాత్ర మళ్ళీ మొదలుపెట్టారు, కొంచెం తక్కువగా. ఈ కోపం మాత్ర వల్ల వచ్చింది కాదు, మాత్ర లేక వచ్చింది కాదు. నీ వల్ల వచ్చింది.

సంతకం పెట్టను. కాగితం తిప్పి పంపుతున్నాను. నువ్వే దాన్ని పట్టుకెళ్ళి పెద్దసారు చేతిలో పెట్టి, ఏం జరిగిందో నీ నోటితో చెప్పు. నా తరఫున ఇంకేమీ మాట్లాడకు.

బుడ్డి


అక్టోబరు 12

బుడ్డీ,

మీ ఊరి స్టేషన్లో కూర్చుని రాస్తున్నాను. నీ దగ్గరికి రాలేదు. రమ్మని నువ్వు రాయలేదు.

పెద్దసారుని కలిశాను. ఉప్పు మానమన్నది నేనేనని, డాక్టరు అడిగితే తెలియదన్నదీ నేనేనని చెప్పాను. ఎందుకలా అన్నారు అని అడిగారు. నా చెల్లెల్ని నేనే చంపుకున్నానని భయమేసిందండీ, ఆ మాట పైకి అనలేకపోయానండీ అన్నాను. ఆయన కాగితం తీసుకుని చించారు. డాక్టరు చీటీ ఒకటి కావాలి, అది తెచ్చి పనిలో చేరమన్నారు. ల్యాబ్ తాళం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నీ తరఫున మాట్లాడవద్దన్నావు.

నీ ఉత్తరం మీ వదిన చదివింది. అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు.

ఒక సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. కోపంగా ఉందని నువ్వు రాసిన చోట, నా చెల్లెలికి కోపం వచ్చిందని నాకు ముందు సంతోషం వేసింది. ఆ కోపం ఎవరి మీదో తర్వాత తలకెక్కింది, అప్పుడు సిగ్గేసింది. సిగ్గే ముందు వేసి ఉంటే బాగుండేది. కానీ జరిగింది ఇదీ, ఇదే రాస్తున్నాను.

అన్నయ్య